రుచి చూడని వంటమనిషి, పెచ్చబురి తాటిపండు

కెనడాలో వాన్ అనే ఊళ్లో ఫ్రోజెన్ టిఫిన్లు తయారుచేసే ఒక పెద్ద కిచెన్‌లో నేను ఆవిరి సెక్షన్ చూసేదాన్ని. ఇడ్లీలు, మోమోలు, కుడుములు, ఆవిరి మీద ఉడికేది ఏదైనా మా చేతుల మీదుగానే డబ్బాల్లోకి వెళ్లేది. నా చదువు ఐదో తరగతి. ఆ తర్వాత బడి మానేసి పొయ్యి దగ్గరికి వచ్చాను, అక్కడి నుంచి కదల్లేదు. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. చదువుకోడానికి ఇక్కడికొచ్చిన పిల్లలు, మీలో చాలామంది కాలేజీకి వెళ్తూ ఇలాంటి కిచెన్లలోనూ వేర్‌హౌసుల్లోనూ పార్ట్‌టైమ్ చేస్తున్నారని తెలుసు. అందుకే మీకో సంగతి రాస్తున్నాను. కంపెనీ పని మీద నేను థాయ్‌లాండ్ వెళ్లి, అక్కడ ఆ పని చెడగొట్టి, కడుపు నిండా తిని వచ్చిన సంగతి.

థాయ్‌లాండ్ అనగానే మా మనవడు ఫోన్లో సముద్రం ఒడ్డు చూపిస్తాడు. నేను వెళ్లింది ఆ వైపు కాదు. నేను వెళ్లిన ఊరు పెచ్చబురి. బ్యాంకాక్ నుంచి రైల్లో పోవాలి. టూరిస్టులు ఆ స్టేషన్లో దిగకుండా ముందుకెళ్లి ఇసుకలో పడుకుంటారు. మంచిదే. వాళ్లంతా అక్కడ దిగి ఉంటే నాకు బజారులో కూర్చోడానికి స్టూలు దొరికేది కాదు.

ముందు మా సెక్షన్ గురించి చెప్పాలి. అందరం ఆడవాళ్లమే. నా పక్క స్టీమర్ దగ్గర పెచ్చబురి ఆవిడ ఉండేది. నన్ను అక్కా అని పిలవడం నేనే నేర్పాను, కాబట్టి ఇక్కడ ఆవిడను చెల్లెలు అనే రాస్తాను. మా ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు మా ఇద్దరికే అర్థమయ్యేది. అవతలి స్టీమర్ దగ్గర జాఫ్నా ఆవిడ. ఆవిడ మోకాళ్లు అరిగిపోయాయి, బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడు. కూర్చుని ట్రేలు సర్దే పని కాబట్టి నెగ్గుకొస్తోంది. ఆ కుర్చీ కూడా నేను సేఫ్టీ వాళ్లతో పోట్లాడి వేయించిందే.

ఒకరోజు లంచ్ టైములో మేనేజరబ్బాయి మా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. హైదరాబాద్ పిల్లాడు. మంచివాడే, కానీ చెడ్డ కబురు తెచ్చినప్పుడల్లా చేతిలో కాఫీ కప్పు తిప్పుతూ ఉంటాడు. ఆరోజు తెగ తిప్పుతున్నాడు.

"ఆంటీ, ఓనర్ స్టీమర్లు తీసేసి ఫ్రయర్లు పెడదామంటున్నారు. మన స్టీమ్ ఐటమ్స్ అస్సలు మూవ్ అవుతలేవు కదా."

"తీసేస్తే మేమేం చెయ్యాలి? నూనెలో దూకాలా?"

"అయ్యో, జాబ్స్ ఎక్కడికీ పోవు ఆంటీ. అందరినీ వేర్‌హౌస్‌కి మూవ్ చేస్తారు. లోడింగ్, అంతే."

"అంతేనా? ఆవిడ మోకాళ్లు చూశావా నువ్వు? పెట్టెలెత్తుతుందా ఆవిడ?"

జాఫ్నా ఆవిడకు మా తెలుగు రాదు. కానీ తన గురించేనని తెలిసిపోయింది. లంచ్ డబ్బా మూత పెట్టేసింది. తిన్నది సగమే.

అబ్బాయి గొంతు తగ్గించాడు. "సమ్మర్ లోపల కొత్త స్టీమ్ ఐటమ్ ఏదైనా ట్రై చేయమన్నారు ఆంటీ. స్టోర్స్ వాళ్లకు నచ్చితే స్టీమర్లు ఉంటాయి. సాఫ్ట్‌గా, స్పాంజీగా ఉండాలంట. మళ్లీ ఇడ్లీ అనొద్దు, ప్లీజ్."

అబ్బాయి అన్నది నేను మా ఇంగ్లీషులో చెబితే, అప్పుడు చెల్లెలు తన ఊరి సంగతి ఎత్తింది. వాళ్ల ఊళ్లో తాటిపండు గుజ్జుతో ఆవిరి మీద చేసే చిన్న చిన్న తీపి కుడుములున్నాయట. ఖనోం తాన్ అంటారు. పసుపుపచ్చగా, పైన కొబ్బరి తురుముతో, అరిటాకు దొన్నెల్లో. వాళ్ల పెద్దక్క చిన్నప్పటినుంచి బజారులో అవే అమ్ముతోందట.

"తాటిపండుదైతే మాకూ ఉంది" అన్నాను నేను. గోదావరి వైపు పుట్టి తాటి రొట్టె తినని వాళ్లెవరు? కానీ మాది బరువు. ఒక ముక్క తింటే మధ్యాహ్నం భోజనం అక్కర్లేదు. చెల్లెలు ఫోన్లో చూపించినది దూదిలా ఉబ్బి ఉంది. సోడా వెయ్యరట, ఈస్టు వెయ్యరట. తాటిపండే ఉబ్బిస్తుందట.

అది ఎలాగో ఫోన్లో చెప్పమంటే పెద్దక్క చెప్పలేదు. "నేర్చుకునే మనిషిని ఇక్కడికి పంపండి, నా ముందు చెయ్యాలి" అందట. చెల్లెలు ఎలాగూ సెలవు మీద ఇంటికి వెళ్తోంది. సెక్షన్ నడిపేది నేను కాబట్టి ఓనరు నన్నూ పంపాడు.

ఇక్కడ నా పద్ధతి ఒకటి మీకు చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నేను వంట చేస్తూ రుచి చూడను. మా నాయనమ్మ పెట్టిన నియమం అది. పొయ్యి మీద ఉన్నది నోట్లో పెట్టుకుంటే ఎంగిలి. దేవుడికి చూపించాకే ఎవరి నోట్లోకైనా. ఉప్పు సరిపోయిందో లేదో పొంగు వాసన చెప్పాలి, పిండి పులిసిందో లేదో చెవి చెప్పాలి. కెనడా వచ్చి కిచెన్‌లో చేరితే ఇక్కడా అదే మాట ఇంకో రకంగా చెప్పారు, గ్లౌజులు వేసుకున్నాక లైను మీది తిండి ముట్టి నోట్లో పెట్టుకోకూడదని. మా నాయనమ్మా కెనడా గవర్నమెంటూ ఒకే మాట మీద ఉన్నారని నాకు గర్వం పెరిగిపోయింది. మా సెక్షన్‌లో ఎవరైనా ఇడ్లీ ముక్క నోట్లో వేసుకుంటే నేను చూసే చూపుకి ఆ ముక్క గొంతు దిగేది కాదు.

పెట్టెలో అటుకులు, చారుపొడి, కారప్పొడి, చిన్న సీసాలో ఆవకాయ సర్దుకున్నాను. తిండి ఖర్చు కంపెనీదే. అయినా సరే, ఎవరి డబ్బైనా హోటళ్లలో తగలెయ్యడం నాకు నచ్చదు. ఆ అటుకుల మూట పెచ్చబురిలో విప్పిన రోజు లేదు. కారప్పొడి మాత్రం పనికొచ్చింది. ఊరి మధ్య కొండ మీద పాత రాజభవనం ఉంది, అక్కడంతా కోతులే. ఒక పెద్ద కోతి నా సంచి లాక్కుని కారప్పొడి పొట్లం చించింది. ఆ తర్వాత అది తుమ్మిన తుమ్ములకు మిగతా కోతులన్నీ నాకు దారి ఇచ్చాయి.

రైలు ఆ ఊరి దగ్గరికి వస్తుంటే కిటికీకి అతుక్కుపోయాను. పొలం గట్ల మీద వరసగా తాటిచెట్లు. ప్రతి చెట్టుకీ ఒక వెదురు బొంగు కట్టి ఉంది, దాని కణుపుల మీద కాలేసి మనిషి సరసరా ఎక్కిపోతున్నాడు. మన వైపు కుండలు కడతారు. వీళ్లు వెదురు గొట్టాలు కడుతున్నారు. మిగతాదంతా అదే. అదే ఎండ, అదే కమ్మల చప్పుడు. ఇన్నాళ్లూ మంచు గడ్డలు పారతో ఎత్తిపోసుకుంటూ బతికిన మనిషిని, ఏం చెప్పమంటారు, కూర్చున్న చోటే చెప్పులు విప్పేశాను.

మొదటిరోజు పొద్దున్న చెల్లెలు నన్ను నది ఒడ్డు బజారుకు తీసుకెళ్లి ఒక బండి ముందు కూర్చోబెట్టింది. గిన్నెలో అన్నం, అన్నం నిండా చల్లటి నీళ్లు, నీళ్లలో మంచుముక్కలు. దాన్ని ఖావ్ చే అంటారట. దగ్గరికి తీసుకుంటే మల్లెపూల వాసన.

"ఇది చద్దన్నం కదే!" అన్నాను.

"చద్దన్నం అంటే?"

"మా వైపు కూలికెళ్లే వాళ్ల పొద్దుటి తిండి."

"ఇక్కడ ఇది రాజుల తిండి అక్కా. అక్కడి నుంచే బజారుకు దిగింది."

పక్కన చిన్న పళ్లెంలో రొయ్యల ముద్ద వేయించిన చిట్టి ఉండలు, తియ్యగా వేపిన చేపపొడి, బెల్లంలో మగ్గిన ముల్లంగి. నేను వాటన్నిటినీ గిన్నెలో పడేసి, మన పెరుగన్నం కలిపినట్టు చేత్తో కలపబోయాను. బండి ఆవిడ 'ఓయ్!' అని అరిచి నా చెయ్యి పట్టుకుంది. కలపకూడదట. ఒక ఉండ కొరికి, అది నోట్లో ఉండగానే ఒక చెంచా చల్లన్నం తీసుకోవాలట. అలాగే చేశాను. ఉప్పూ తీపీ రొయ్యల వాసనా ఒక్కసారి నోరంతా అంటుకుని, వెనకే చల్లటి మల్లెనీళ్లు వచ్చి కడిగేశాయి. మళ్లీ కొరకాలనిపించేట్టు కడిగాయి. నేను రెండో గిన్నె అడిగానని చెల్లెలు ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అడిగాను. తప్పేముంది?

మధ్యాహ్నం వాళ్లింట్లో లేత తాటికాయ కూర పెట్టారు. మనం ముంజెలు తినేసి కాయ గేదెలకు పడేస్తాం. వీళ్లు ఆ లేతకాయ మెత్తటి తలభాగాన్ని పల్చగా తరిగి, కొబ్బరిపాలల్లో చేపముక్కలతో ఉడికిస్తారు. కారం కళ్లలోంచి వచ్చింది. చెట్టు నుంచి కల్లు, బెల్లం, ముంజె, పండు, చివరికి కాయ తల కూడా వదలకుండా వాడుకుంటున్నారు. పొదుపు తెలిసిన ఊరు అని నాకు ఆ పూటే గౌరవం పుట్టింది.

ఆ గౌరవం పెద్దక్క కొట్టు దాకా నిలిచింది.

పెద్దక్క నాకంటే పెద్దది, నాకంటే పొట్టిది, నాకంటే గట్టిది. రేకుల చూరు కింద అల్యూమినియం స్టీమర్లు, అరటి దొన్నెల దొంతర, మూలన కర్ర మీద ఇంత చిన్న గుడి. ఆ గుడి ఊరి దేవతదట, రోజూ దానికి పూలు పెడుతుంది. నన్ను పైనుంచి కిందికి చూసి, కలిపిన పిండి గరిటెతో తీసి నా అరచేతిలో వేసింది. రుచి చూడమని సైగ.

నేను చెయ్యి కడిగేసుకున్నాను.

పెద్దక్క చాలాసేపు మాట్లాడింది. చేతులూపింది, పక్కన చేపలమ్మే ఆవిడను సాక్ష్యానికి పిలిచింది, ఆవిడా నాలుగు మాటలు అంది.

"ఏమంటోంది?" అడిగాను.

"రుచి చూస్తే బాగుంటుంది అంటోంది అక్కా."

"అంతసేపు మాట్లాడింది, ఇంతేనా?"

"మిగతాది మర్యాదగా లేదు."

"నేను దేవుడికి చూపించకుండా నోట్లో పెట్టనని చెప్పు. ఎంగిలి చేతులతో వండిన తిండి మా ఇంట్లో కుక్క కూడా తినదని చెప్పు."

చెల్లెలు థాయ్‌లో రెండే రెండు మాటలు అంది. నేను చెప్పిన మాటలు అంత పొట్టివి కావని నాకు తెలుసు. ఏం చెప్పావంటే, "అక్కకు కడుపు నిండా ఉంది అన్నాను" అంది.

ఇలా లాభం లేదని నేనే పెద్దక్క వైపు తిరిగి, ముక్కు చూపించి, చెవి చూపించి, ఒక బేసిన్ చూపించి, నా గుండె మీద కొట్టుకున్నాను. పెద్దక్కకు అర్థమైంది. నవ్వింది. చెల్లెలు ఈసారి ఉన్నదున్నట్టు చెప్పింది.

"నీ ముక్కుతో ఒక వాయ చేసి చూపించు అంటోంది. పొద్దున్నే భిక్షకు వచ్చే స్వాములకు నువ్వు చేసినవే పెడదాం అంటోంది. బాగుంటే అన్నీ నేర్పుతుందట. బాగోకపోతే కెనడాకు అటుకులు తింటూ వెళ్లమంటోంది."

అటుకుల సంగతి ఆవిడకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. నాకు ఆ క్షణం జాఫ్నా ఆవిడ సగం తిని మూసేసిన డబ్బా కళ్లముందు కనిపించింది. సరే అన్నాను.

పండ్లు నేనే కొంటానన్నాను. బజారు చివర ఒక రైతు గోనె మీద తాటిపండ్లు పోసుకుని కూర్చున్నాడు. మిగతావాళ్ల కంటే తక్కువకు ఇస్తానన్నాడు. నేను ఇంకా తగ్గించాను. ఒక్కో పండూ ముక్కు దగ్గర పెట్టుకుని, తొడిమ దగ్గర నొక్కి, మంచి వాసన వచ్చినవే ఏరాను. ఆ వాసన తెలియక కాదు, చిన్నప్పుడు దాని వెంట పరుగెత్తినదాన్ని. తొక్క తీసి, పీచు నీళ్లలో పిసికి, గుజ్జు గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీశాను. పొద్దున్నకు ముద్ద పసుపు బంగారంలా ఉంది. బియ్యప్పిండి, తాటిబెల్లం, కొబ్బరిపాలు వేసి చేత్తో మెదిపి ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికి పిండి సన్నగా గుసగుసలాడడం మొదలెట్టింది. బుడగలు వచ్చి పగులుతున్నాయి. చెవి దగ్గర పెట్టి విన్నాను. ఇడ్లీపిండి లాగానే, కాస్త తొందరపడుతోంది. నేను ముసిముసిగా నవ్వుకుంటుంటే పెద్దక్క దూరం నుంచి చూసి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు.

మర్నాడు తెల్లారకముందే దొన్నెల్లో పోసి ఆవిరికెక్కించాను. మూత తీశాక చెల్లెలు చప్పట్లు కొట్టింది. ప్రతి కుడుమూ పువ్వులా విచ్చుకుంది. చేపలావిడ కూడా వచ్చి చూసి తల ఊపింది. ఇది అందం అన్నాను నేను తెలుగులో, పెద్దక్క మొహంలోకే చూస్తూ.

స్వాములు, అంటే బౌద్ధ భిక్షువులు, వరసగా వచ్చారు. చెప్పుల్లేని కాళ్లు, కాషాయం, చేతుల్లో పాత్రలు. పెద్దక్క మోకాళ్ల మీద కూర్చుంది, నేనూ కూర్చున్నాను, ట్రే నా చేతుల్లో. ముందున్న పెద్ద స్వామి పాత్ర మూత తీశారు. అప్పుడు పెద్దక్క నా ట్రేలోంచి ఒక కుడుము అంచు తుంచి నోట్లో వేసుకుంది.

"అయ్యయ్యో, ఎంగిలి!" అని నేను అరిచేశాను. స్వామి ముందు, నడిబజారులో.

పెద్దక్క నమిలింది. మింగింది. ఆవిడ మొహంలో ఏమీ కదల్లేదు. చేతులు జోడించి స్వామితో ఏదో చెప్పి, నా ట్రే మీద అరిటాకు కప్పేసి, వెనక తను చేసిన ట్రే అందుకుని దానిలోవి పాత్రలో పెట్టింది. స్వామి దీవించి వెళ్లిపోయారు. వెనకాల ఉన్న చిన్న స్వామికి నవ్వు ఆగలేదు, తల వంచుకున్నాడు.

వాళ్లు మలుపు తిరిగాక పెద్దక్క నా కుడుమొకటి తీసి నా చేతిలో పెట్టింది. వండడం అయిపోయింది కాబట్టి, కళ్లు మూసుకుని మనసులో దేవుడికి చూపించి, తిన్నాను. ముందు తియ్యగానే ఉంది. మెత్తగా, కొబ్బరి ఉప్పుదనం కలిసి, అబ్బ అనిపించింది. మింగాక మొదలైంది చేదు. నాలుక మీద కాదు, గొంతులో. వేపచెక్క మింగినట్టు అక్కడే కూర్చుంది, నీళ్లు తాగితే ఇంకా పెరిగింది.

చేదు తాటిపండు. మా వైపు పిల్లలకు కూడా తెలిసిన సంగతి. కొన్ని చెట్ల పండు చేదు, వాసన మాత్రం మంచి పండుదే. ఒక్క చేదు పండు పడితే బేసిన్ మొత్తం పోతుంది. మా నాయనమ్మ ఇంట్లో ఆ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే మా చెట్లు ఏవి తీపో ఏవి చేదో అందరికీ తెలుసు. ఇక్కడ ఎవరి చెట్టు పండో తెలియకుండా, చవగ్గా వచ్చిందని నేను తెచ్చాను.

పెద్దక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. చెల్లెలు మధ్యలో.

"స్వామికి చేదు పెట్టి పుణ్యం అడుగుతావా అంటోంది."

"స్వామికి ఎంగిలి పెట్టి పుణ్యం అడిగేదానివి నువ్వు అని చెప్పు!"

"రుచి చూడకుండా పెద్దవాళ్లకు పెట్టడం అమర్యాద అంటోంది."

"రుచి చూసి పెట్టడమే అమర్యాద అని చెప్పు!"

చెల్లెలు మా ఇద్దరి వంకా చూసింది. "నాకు గొంతు నొప్పి. ఇక నేను చెప్పను. మీరే చూసుకోండి" అని థాయ్‌లో ఒకసారి, మా ఇంగ్లీషులో ఒకసారి అనేసి, కాఫీ తాగడానికి వెళ్లిపోయింది.

ఇద్దరు ముసలమ్మలం మిగిలాం, మధ్యలో ఒక చేదు ట్రే, మాటల్లేవు. నేను ఆవిణ్ణి చూశాను. ఆవిడ నన్ను చూసింది. ఆవిడ చెప్పిందీ నేను చెప్పిందీ ఒకటేనని అప్పుడు వెలిగింది నాకు. ఇద్దరం పెద్దవాళ్లకు మంచిది పెట్టాలనే పోట్లాడుకుంటున్నాం. ఆవిడకూ అదే తట్టిందో, నా మొహంలో చేదు ఇంకా దిగలేదో, పెద్దక్క ముందు పెదవి బిగించింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నాకూ ఆగలేదు. చేపలావిడ కత్తి కింద పెట్టి మరీ నవ్వింది.

మిగిలిన పండ్లు తెచ్చాం. పెద్దక్క ఒక్కోదాని గుజ్జు కాస్త గీరి తన అరచేతిలో వేసుకుంది, నా వైపు గరిటె చాపింది. నేను ఆగమన్నాను. అరిటాకు ముక్క చింపి, ముందుగా ఒక చిటికెడు దానిలో పెట్టి పక్కకు తీశాను. అది దేవుడిది. ఇక మిగతాది నా నోటికి. పెద్దక్క ఆ ఆకును చూసింది, నన్ను చూసింది, ఆకు తీసుకెళ్లి మూలనున్న చిన్న గుడిలో పూల పక్కన పెట్టి వచ్చింది. మా వాదన అక్కడితో తీరిపోయింది.

తీపి పండు వస్తే ఇద్దరం తలూపాం. చేదు వస్తే ఇద్దరం తుపుక్కుమన్నాం. చెల్లెలు తిరిగి వచ్చేసరికి మూతులకు పసుపు పూసుకుని కూర్చున్నాం.

"సంధి అయిందా?" అంది.

"మీ అక్క మంచిదే. నోరే మంచిది కాదు."

చెల్లెలు దాన్ని మాత్రం పూర్తిగా అనువదించింది. పెద్దక్క ఒక చిన్న మాట జవాబు చెప్పింది. "నీది కూడా అంటోంది."

ఆ తర్వాత అన్నీ నేర్పింది. గుజ్జూ పిండీ ఎంతసేపు చేత్తో మెదపాలో, ఎండ లేని రోజు నిన్నటి పిండి ఎంత కలిపి ఉబ్బించాలో, తురిమిన కొబ్బరికి ఉప్పు ఎప్పుడు రాయాలో. ప్రతి మెట్టు దగ్గరా అరచేతిలో ఒక చుక్క. నేను ఎన్ని చుక్కలు తిన్నానో నాకే తెలియదు, ఊరు వదిలేసరికి రైల్లో నడుం కట్టు వదులు చేసుకోవలసి వచ్చింది.

వాన్‌కు తిరిగి వచ్చేసరికి కథ సగమే అయింది. పెచ్చబురి నుంచి గుజ్జు గడ్డకట్టించి, డబ్బాల్లో తెప్పించారు. మొదటి డబ్బా కరుగుతుండగా నేను క్వాలిటీ గదిలో కూర్చుని, శుభ్రమైన చెంచాలు వరసగా పెట్టుకుని, ఒక్కో గడ్డా రుచి చూస్తున్నాను. మేనేజరబ్బాయి తలుపు తీసి అక్కడే నిలబడిపోయాడు.

"ఆంటీ, మీరు? టేస్ట్ చేస్తున్నారా?"

"నీకేం, కాఫీ తాగు."

"లేదు ఆంటీ, లాస్ట్ మంత్ ఆ స్టూడెంట్ అమ్మాయి ఒక మోమో తిన్నదని మీరు అరగంట క్లాస్ పీకారు కదా, అందుకే..."

"అది లైను మీద. ఇది క్వాలిటీ గది. తేడా తెలియకుండా మేనేజర్‌వెలా అయ్యావు నువ్వు?"

ఆ గడ్డ కరిగాక లేచిన వాసన వెంటిలేటర్ దాటి లైను మీదికి పోయింది. జాఫ్నా ఆవిడ ట్రేలు వదిలేసి, కుంటుకుంటూ, హెయిర్‌నెట్ పక్కకు జారిపోయి, గది గుమ్మంలోకి వచ్చింది.

"పనంపళం!" అంది. వాళ్ల తమిళంలో తాటిపండు. "ఇది పనంపళం కదా? మీరిద్దరూ అంత దూరం వెళ్లింది దీనికోసమా? నాతో ఒక్క మాట చెప్పొద్దూ?"

ఎన్నేళ్లు ఒకే బల్ల మీద తిన్నాం. జాఫ్నా అంతా తాటివనాలేనట. వాళ్లమ్మ తాటిపండు గుజ్జు చాప మీద పలచగా ఎండబెట్టి, చుట్ట చుట్టి దాచేదట. ఒకరి తిండి ఒకరం రోజూ వాసన చూశాం కానీ ఏ చెట్టు కింద పుట్టావని ఎవరం ఎవరినీ అడగలేదు. ఆ రోజు నుంచి గడ్డలు రుచి చూడడానికి నా పక్క కుర్చీలో ఆవిడ కూర్చుంది. నాకంటే ఆవిడ నాలుకే చురుకు. నేను ఫర్వాలేదన్న గడ్డను కూడా ఆవిడ తిప్పి పంపేది.

స్టోర్ల వాళ్లకు పంపించాం. వారాలు గడిచాయి, జవాబు లేదు. మేనేజరబ్బాయి కాఫీ కప్పు తిప్పడం మళ్లీ మొదలెట్టాడు. ఇక లాభం లేదనుకున్నాడేమో ఓనరు, స్టీమర్లు ఊడదీసే మనుషులకు రోజు కూడా చెప్పేశాడు. దానికి ముందు రోజు సాయంత్రం ఒక స్టోరు నుంచి కబురు వచ్చింది. ట్రయల్‌కు తీసుకుంటాం, వెంటనే పంపండి అని. ఆ సంతోషంలో ఊడదీసే వాళ్లకు వద్దని ఫోన్ చెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు.

కాబట్టి పొద్దున్నే ఇద్దరు మనుషులు ట్రాలీ తోసుకుంటూ, పెద్ద రెంచీలతో, పట్టీలతో లోపలికి వచ్చేశారు. స్టీమర్లన్నీ నిండుగా నడుస్తున్నాయి. అద్దాలమీద ఆవిరి, లైనంతా తాటిపండు వాసన. ఒకతను పైపు మీద చెయ్యి వేసి, "ఏది ముందు ఆపమంటారు?" అన్నాడు.

"దేన్నీ ముట్టుకోకండి. ఇంకా ఉడకలేదు" అన్నాను. "అక్కడ కూర్చోండి."

నా గొంతుకు మా సెక్షన్ అలవాటు పడింది కానీ వాళ్లు పడలేదు. వెంటనే కూర్చున్నారు. జాఫ్నా ఆవిడ దించిన వాయలోంచి ఒక్కొక్కరికి రెండు కుడుములు కాగితప్పళ్లెంలో వేసి ఇచ్చింది. వాళ్లు తిన్నారు. మళ్లీ ఇచ్చింది, మళ్లీ తిన్నారు. ఇంతలో మేనేజరబ్బాయి పరుగెత్తుకుంటూ వచ్చి, సారీ సారీ, క్యాన్సిల్ అయింది అని చెప్పి వాళ్లను పంపించాడు. వెళ్తూ వెళ్తూ వాళ్లలో పెద్దాయన, ఇవి స్టోర్లోకి ఎప్పుడొస్తాయని ఆవిడను అడిగాడు.

"సోమవారం" అంది జాఫ్నా ఆవిడ, తనే ఓనరైనట్టు. కుర్చీ దగ్గరికి లాక్కుని, రెండో స్టీమర్ మూత ఎత్తింది.

ఆ స్టీమర్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఊడొచ్చిందల్లా నేనొక్కదాన్నే.